ఐసుపెట్టె

ఆ వానాకాలం నేను తిట్టని మనిషి లేడు. చెల్లిని తిట్టాను, పక్క దొడ్డి పొడుగాయన్ని తిట్టాను, సంతకు మేకల్ని తోలుకుపోయే బేరగాళ్ళని తిట్టాను, ఆఖరికి కురుస్తున్న వానని కూడా వదల్లేదు. అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నది పశువుల ఆసుపత్రి కాంపౌండరు. ఆయన్ని ఏమేం అన్నానో ఇప్పటికీ వరస తప్పకుండా చెప్పగలను.

మాకు పాలు తాగే పిల్లలు కాక నలభై ఆరు మేకలు ఉండేవి. నేనూ, నాన్నా, చెల్లీ ముగ్గురం. మేత చెల్లి పని. పిల్లల్ని సాకడం నాన్న పని. రోగాలు నా పని. రోగం వచ్చాక పరుగులు పెట్టడం కాదు, రాకుండా చూడడం. పొద్దున్నే దొడ్డి తలుపు ఒక్క మేక పట్టేంత తెరిచి, ఒక్కొక్కదాన్నే నా ముందు నుంచి పోనిచ్చేదాన్ని. తోక కింద తడి ఉందా, ముక్కు కారుతోందా, కుంటుతోందా, నెమరు వేస్తోందా లేదా అన్నీ చూసేదాన్ని. పదిహేను రోజులకోసారి కింది రెప్ప విప్పి, ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లగా ఉంటే ఆ మేకకి కడుపులో పురుగులు పోయేలా నట్టల మందు పోసేదాన్ని. కొత్తగా కొన్న మేకని మూడు వారాలు వేరే కట్టేయాలి. నీళ్ళ తొట్టి రోజూ తోమాలి. దొడ్డిలో తడి ఆరాక సున్నం చల్లాలి. ఇవన్నీ దొడ్డి గోడ మీద బొగ్గుతో రాసి పెట్టాను. చదవగలిగింది నేనూ, చెల్లీ మాత్రమే. నాన్నకి చదువు రాదు.

"కలెక్టరుగారి ఆర్డరు," అనేది చెల్లి గోడకేసి దణ్ణం పెడుతూ.

"చెప్పింది చెయ్యి. ఎందుకో తర్వాత చెప్తా," అనేదాన్ని.

ఇంట్లో ఎవరు ఏమడిగినా నా జవాబు అదే. ఆ ‘తర్వాత’ మాత్రం ఎప్పుడూ వచ్చేది కాదు. పనుల మధ్యలో నిలబడి పాఠాలు చెప్పే ఓపిక నాకు లేదు.

వానలు మొదలవడానికి వారం ముందు ఒక మేక మూడు పిల్లల్ని వేసి, అందులో చిన్నదాన్ని దగ్గరికి రానివ్వలేదు. నాన్న దానికి సీసా పాలు అలవాటు చేశాడు. పాలు పోసిన సీసాని చొక్కా లోపల పొట్టకి ఆనించి పెట్టుకుని, పైన చెయ్యి అడ్డం వేసుకుని అరుగు మీద కూర్చునేవాడు.

"వేడినీళ్ళ గిన్నెలో పెడితే రెండు నిమిషాల పని కదా నాన్నా," అన్నాను.

"గిన్నెలో పెడితే ఓసారి మరీ వేడెక్కుతాయి, ఓసారి చల్లగానే ఉంటాయి. ఒంటి వేడి అయితే తల్లి పొదుగులో ఉన్నట్టే ఉంటాయి. చల్లటివి తాగితే పిల్లకి కడుపు పట్టేస్తుందే. మీ ఇద్దరికీ నేను ఇలాగే పట్టా."

"అక్కకి కాస్త ఎక్కువసేపు పెట్టినట్టున్నావు. ఇప్పటికీ కాలుతూనే ఉంది," అంది చెల్లి.

నాన్న పొట్ట కదిలేలా నవ్వాడు. సీసా జారిపోతుందేమోనని రెండు చేతులూ పెట్టి పట్టుకున్నాడు.

*

కాంపౌండరుకి అందరూ పెట్టిన పేరు ఐసుపెట్టె. బండి వెనకాల నీలం రంగు పెట్టె కట్టుకోకుండా ఆయన ఎక్కడా కనపడేవాడు కాదు. పారుడు రోగానికి టీకా వేయడానికి ఆయన వచ్చిన రోజు పొద్దుటి నుంచీ మబ్బు పట్టే ఉంది. పారుడు అంటే మేకలకి మాయరోగం. ముక్కు కారి, నోరు పుండై, విరేచనాలు పట్టి, వారంలో మంద ఖాళీ అవుతుంది. దానికి మందు లేదు. ముందే టీకా వేయించుకోవడం ఒక్కటే దారి. అందుకే ఆయన కోసం నెల రోజులుగా ఆసుపత్రి చుట్టూ తిరిగాను.

మా దొడ్డే మొదటిది. ఆయన అరుగు మీద పెట్టె దించి, చిన్న సీసాలోని పొడి మందులో నీళ్ళ మందు కలిపి, బాగా ఊపి, ఐసుముక్కల మధ్య గుచ్చాడు. ఇంతలో పొడుగాయన పరుగెత్తుకొచ్చాడు.

"మేక ఈనలేక గింజుకుంటోంది. పిల్ల అడ్డం తిరిగినట్టుంది. రండి బాబూ, రెండు ప్రాణాలు పోతాయి!"

కాంపౌండరు చేతి గడియారం చూసుకున్నాడు. "అమ్మాయ్, నువ్వు మేకల్ని లోపలికి తోలి ఉంచు. నేను వచ్చి వేస్తా. పెద్దాయనా, ఈ పెట్టె కాస్త చూస్తుండండి," అని వెళ్ళిపోయాడు.

మంద ఇంకా మిట్ట మీదే ఉంది. నేనూ చెల్లీ కర్రలు పట్టుకుని బయలుదేరాం.

"నాన్నా, పెట్టె దగ్గర కూర్చో. కుక్కలు ముట్టుకోకుండా చూడు."

"ఇందులో ఏముందే?"

"మందు. చూస్తుండు, అంతే."

మంద దిగి వచ్చేసరికీ, అక్కడ పొడుగాయన మేక ఈని కాంపౌండరు చేతులు కడుక్కుని వచ్చేసరికీ దాదాపు గంటన్నర అయింది. ఆయన మళ్ళీ గడియారం చూసుకుని, "కలిపిన మందుకి ఇంకా టైముంది, పట్టండి," అన్నాడు. నలభై ఆరింటికీ టీకా పడింది. ఒక్కోదాని కొమ్ముకి నేను ఎర్రరంగు పూశాను. ఆయన అక్కడి నుంచి పొడుగాయన దొడ్డికి, తర్వాత మరో రెండు దొడ్లకి వెళ్ళి వాళ్ళ మేకలకీ వేశాడు. సాయంత్రం మొదటి వాన పడింది. ఆ ఏడాదికి ఇక దిగుల్లేదని నేను గోడ మీద పారుడు అన్న మాట పక్కన గీత కొట్టాను.

*

నాలుగు వారాలు గడిచాయి. సంతకు పోయే బేరగాళ్ళ మంద ఒకటి మా తొట్టి దగ్గర నీళ్ళు తాగి పోయింది. నేను చూసి కర్ర పట్టుకుని తరిమేలోపే తాగేశాయి. వాటిలో రెండు మేకలు దగ్గుతున్నాయి. బేరగాళ్ళకి నాలుగు తిట్లు తగిలించి తొట్టి తోమించాను. టీకా ఉంది కదా అన్న ధైర్యం లోపల ఉండనే ఉంది.

ఆరో రోజు పొద్దున్న మచ్చచెవి తలుపు దగ్గరికి రాలేదు. మందకి ముందు నడిచే మేక అది. మూలన తల వేలాడేసుకుని నిలబడింది. ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. ముక్కు నుంచి చిక్కగా కారుతోంది. నోరు తెరిచి చూస్తే చిగుళ్ళ మీద తవుడు అంటినట్టు తెల్లగా ఉంది. మరుసటి రోజుకి తొమ్మిదింటికి పాకింది.

కాంపౌండరు వచ్చి నాలుగు మేకల నోళ్ళు చూశాడు. అయిదోది చూడకుండానే లేచాడు.

"పారుడే," అన్నాడు.

"టీకా వేశారుగా?"

"వేశాను. మీ ఎదురుగానే వేశాను. నాకూ అర్థం కావడం లేదు."

"పొడుగాయన మేకలు బాగున్నాయి. ఆ రెండు దొడ్లవీ బాగున్నాయి. అన్నీ ఆ తొట్టిలోనే నీళ్ళు తాగుతాయి. మావే ఎందుకు పోతున్నాయి?"

"సీసా మీద తేదీ చూశానమ్మా. ఐసులోనే ఉంచాను..."

"తేదీ చూశావో, తేదీ దాటిన సీసా ఊరికే పారెయ్యడమెందుకని మాకు అంటగట్టావో! ముగ్గురం ఉన్న కొంప, మగదిక్కు ఒక ముసలాయన, అడిగేవాడు ఎవడని అనుకున్నావా?"

మీరు అన్న నోటితోనే నువ్వు అనేశాను. ఆయన ముఖం కందగడ్డలా అయింది. ఏదో అనబోయి నీళ్ళు నమిలాడు. ఆ నీళ్ళు నమలడం చూసి నాకు ఒళ్ళు మండింది. తప్పు చేసినవాడే అలా నములుతాడనుకున్నాను. కాలెత్తి ఆ నీలం పెట్టెని ఒక్క తన్ను తన్నాను. మూత ఊడి ఎగిరి పడింది. ఐసుముక్కలు బురదలో చెల్లాచెదురయ్యాయి.

ఆయన వంగి ఒక్కో ముక్కా ఏరుకున్నాడు. బురదని చొక్కాకి తుడిచి పెట్టెలో వేసుకున్నాడు. మూత బిగియలేదు. దాన్ని చంకలో ఇరికించుకుని బండి ఎక్కాడు.

"మంచి మనిషే, అంత మాట అనకూడదే," అన్నాడు నాన్న మెల్లిగా.

"నువ్వు ఊరుకో నాన్నా! నీకేం తెలుసు!"

నాన్న పార తీసుకుని దొడ్డి వెనక్కి వెళ్ళాడు. అప్పటి నుంచి పదిహేను రోజులు ఆయన పని గోతులు తవ్వడమే. నేను బాగున్నవాటిని వేరు చేశాను, జబ్బువాటి కళ్ళూ ముక్కూ ఉప్పునీళ్ళతో కడిగాను, జావ పట్టాను, ఇంకొకరిని పిలిచి సూదులు వేయించాను. మచ్చచెవి మూడో రోజు పోయింది. ఒక్కో గోతిలో సున్నం చల్లుతూ కాంపౌండరుని ఒక్కో కొత్త తిట్టు తిట్టేదాన్ని. చివరికి పందొమ్మిది మిగిలాయి.

తిట్లు దొడ్డి వెనకాల ఆగలేదు. తొట్టి దగ్గర, మిట్ట మీద, కొట్టు దగ్గర, కనపడిన ప్రతివాళ్ళకీ చెప్పాను. ఐసుపెట్టెని నమ్మితే మీ మందలూ ఇంతేనన్నాను. అంతలో చిటుక రోగానికి టీకా వేసే రోజులు వచ్చాయి. కొత్త గడ్డి పొట్ట పగిలేలా మేసిన పిల్లల్ని పూటలో పడేసే రోగం అది. మూతకి తాడు కట్టిన పెట్టెతో కాంపౌండరు వచ్చాడు.

"ఆ అమ్మాయి మంద ఏమైందో చూశాంగా. మాకొద్దు, వెళ్ళండి," అన్నాడు పొడుగాయన.

మిగతా ఇద్దరూ అదే మాట అన్నారు. ఆయన బండి తిప్పుకుని వెళ్ళిపోతుంటే నేను దొడ్డి తలుపు దగ్గర నిలబడి చూశాను. కడుపు చల్లబడింది. ఆ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది.

*

నాలుగైదు రోజులు పోయాక ఒక పొద్దున్న జల్లు పడుతోంది. తల్లి దగ్గరికి రానివ్వని ఆ చిన్న పిల్లకి నేనే పాలు తెచ్చాను. ఆ పిల్లని నాన్న మొదటి నుంచీ తన గదిలోనే పెట్టుకున్నాడు కాబట్టి బతికింది.

నాన్న సీసా ముట్టుకుని, "ఇటివ్వు, చల్లగా ఉన్నాయి," అని చొక్కా లోపల పెట్టుకున్నాడు. "చల్లటిది లోపలికి పోతే ఒళ్ళు ఝల్లుమంటుందే పాపం. ఆ రోజు మందు సీసా కూడా ఎంత చల్లగా ఉందనుకున్నావు! కుక్క మూత కదిపిందేమోనని తీసి చూశా. ఐసులో గడ్డకట్టుకుపోతోంది. మన వాటిలో పదిహేను చూడి మేకలాయె. అంత చల్లటిది సూదిలో పోతే కడుపులు పోతాయని, తీసి ఇక్కడే పెట్టుకున్నా. గంట పైనే పెట్టుకున్నా. ఆయన రావడం చూసి మళ్ళీ ఎక్కడిదక్కడ పెట్టేశా. ఒకళ్ళు సర్దుకున్నది మనం కదపకూడదు కదా."

గోడకి ఆనుకుని కూర్చున్న చెల్లి నా వంక చూసింది.

"మిగతా సీసాలు?" అన్నాను.

"అవి పక్కవాళ్ళవి. నేనెందుకు ముట్టుకుంటాను?"

వాన చప్పుడు వినిపిస్తోంది. పిల్ల నాన్న చొక్కాలో మూతి దూర్చి వెతుక్కుంటోంది.

"పాలు పట్టు నాన్నా, ఆకలిగా ఉంది దానికి," అన్నాను.

బయటికి వచ్చి తొట్టి తోమడం మొదలుపెట్టాను. అప్పుడే తోమిన తొట్టి. చెల్లి వెనకాలే వచ్చింది.

"మందు వెచ్చబడితే చచ్చిపోతుందా అక్కా?"

"ఆ."

"నీకు తెలుసా?"

"తెలుసు."

"మాకెప్పుడూ చెప్పలేదే?"

నేను తోముతూనే ఉన్నాను. నాన్న మీద అరవాలని ఉంది. ఏం ముసలాయనవి, నీ పెత్తనమేమిటి, పెట్టె చూడమంటే మూత తీసి చూస్తావా అని దులిపెయ్యాలని ఉంది. అలా అనుకోబోయిన ప్రతిసారీ, ఇందులో ఏముందే అని ఆయన అడగడం వినపడింది. దానికి నేను చెప్పిన జవాబూ వినపడింది.

"నాన్నకి చెప్తావా?"

"ఏమని చెప్పనే? ఇరవై ఏడు మేకల్ని పొట్టకి హత్తుకుని నువ్వే చంపావని చెప్పనా?"

చెల్లి ఏడ్చింది. నాకు ఏడుపు కూడా రాలేదు. బ్రష్షు విసిరికొట్టాను. అది వెళ్ళి గోడ మీది నా రాతకే తగిలింది.

ఆ మధ్యాహ్నమే పొడుగాయన దొడ్డిలో గోల. పొద్దున్న గంతులు వేస్తూ మేతకి వెళ్ళిన నాలుగు పిల్లలు కాళ్ళు కొట్టుకుంటూ పడిపోయాయి. అన్నీ బాగా బలిసినవే. చిటుక రోగం. టీకా వద్దని పంపించేసి అయిదు రోజులు కూడా కాలేదు.

*

కాంపౌండరు ఆసుపత్రి వరండాలో కూర్చుని పెట్టె మూతకి తాడు బిగిస్తున్నాడు. నన్ను చూసి తల దించుకుని మళ్ళీ ముడి వేసుకున్నాడు.

"మీరు రావాలి. పొడుగాయన పిల్లలు చిటుకతో పోతున్నాయి."

"వచ్చాను కదమ్మా. వద్దన్నారు. ఎవరు వద్దనిపించారో నీకే తెలుసు."

"అందరి ముందూ నేను చెప్తాను. మీ తప్పు లేదు. ఆ రోజు... సీసా నేనే తీసి ఎండలో పెట్టాను."

ముడి దగ్గర ఆయన చెయ్యి ఆగింది. అంత నెమ్మదిగల మనిషి ఒక్కసారిగా లేచాడు.

"నెల రోజులు! నెల రోజులు నన్ను దొంగని చేసి ఊరేగించావు! ఏ దొడ్డి దగ్గర బండి ఆపినా తలుపేసుకున్నారు. నా భార్య కొట్టుకి పోతే, మీ ఆయన పాత మందులు అమ్ముకుంటాడటగా అని మొహం మీదే అడిగారు. తెలిసీ నోరు మూసుకున్నావా?"

"ఇవాళే తెలిసింది."

"ఎండలో పెట్టింది నువ్వే అయితే ఇవాళ తెలియడమేమిటి?"

ఆయన నా మొహంలోకి చూశాడు. ఇంకేం అడగకుండా కొత్త సీసాలు ఐసులో సర్దుకున్నాడు.

తొట్టి దగ్గర అందరూ చేరారు. పొడుగాయన, మిగతా రెండు దొడ్లవాళ్ళు, చెల్లి. నాన్న పిల్లని చంకనేసుకుని వెనకాల నిలబడ్డాడు.

"తప్పు నాది. ఈయన మందు మంచిదే. నేను పెట్టె తెరిచి సీసాని ఎండలో వదిలేశాను. వేడికి మందు చచ్చిపోయింది. అనవసరంగా ఈయన మీద నోరు పారేసుకున్నాను. మీరంతా టీకా వేయించుకోండి," అన్నాను.

"ఎండెక్కడిదే ఆ రోజు?"

నాన్న గొంతు. జనాన్ని తప్పించుకుని ముందుకి వచ్చాడు.

"పొద్దుటి నుంచీ మబ్బు. నువ్వసలు దొడ్డిలోనే లేవు. మేకల్ని తోలుకురావడానికి మిట్ట మీదికి పోయావు. పెట్టె దగ్గర ఉన్నది నేను."

"నాన్నా, నువ్వు ఊరుకో."

"ఎందుకు ఊరుకోవాలి? చెయ్యని తప్పు నెత్తినేసుకుంటుంటే చూస్తూ ఊరుకోనా? సీసా ఎండ మొహమే చూడలేదు. నేను జాగ్రత్తగా చొక్కాలో..."

ఆగిపోయాడు. నన్ను చూశాడు, చెల్లిని చూశాడు. తర్వాత కాంపౌండరు వైపు తిరిగాడు.

"అది వెచ్చబడకూడదా?"

నెల రోజుల అవమానం తీర్చుకోవాలంటే కాంపౌండరుకి అంతకంటే మంచి సమయం దొరకదు. ఆయన చేతిలోని తాడు కొసని చుట్టీ, విప్పీ, మెల్లిగా అన్నాడు.

"కూడదు పెద్దాయనా."

నాన్న చెయ్యి చొక్కా మీదికి వెళ్ళింది. సీసా పెట్టుకునే చోటే ఆగింది.

"మరి నాకెవరూ చెప్పలేదే," అన్నాడు.

నింద వెయ్యలేదు. నిజంగానే అడిగాడు. కాంపౌండరు తల వంచుకుని, "నేనూ చెప్పలేదు, చూస్తుండమన్నాను, అంతే," అన్నాడు. నేను మాత్రం నోరు విప్పలేకపోయాను. కనపడినవాళ్ళందరి మీదా లేచిన నోరు అది.

పొడుగాయన ముందు కదిలి తన దొడ్డి తలుపు తీశాడు. టీకాలు మొదలయ్యాయి. అందరూ మేకల్ని పట్టుకునే గొడవలో పడ్డారు. నాన్న పిల్లని నాకిచ్చి, మా దొడ్డి గోడ దగ్గరికి నడిచి, నా బొగ్గురాతల ముందు నిలబడ్డాడు. దగ్గరికి వెళ్ళాను. నాన్నకి కోపం వస్తే గొంతు తగ్గుతుందని ఆ రోజే నాకు తెలిసింది.

"ఇందులో నాకు చెప్పనివి ఇంకా ఎన్నున్నాయే?" అన్నాడు.

*

మర్నాడు పొద్దున్న ఆకలికి పిల్ల అరుస్తోంది. నాన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పాల సీసా ఆయన పక్కన నేల మీద ఉంది. చల్లగా, పోసింది పోసినట్టే ఉంది. రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని దాన్నే చూస్తున్నాడు.

"పట్టలేదేం నాన్నా?"

"చల్లగా ఉన్నాయి."

"వెచ్చబెట్టు మరి. పాలు వెచ్చబెట్టొచ్చు. పాలు వెచ్చగానే ఉండాలి."

"ఎందుకు?" అన్నాడు.

నాకది నేర్పిందే ఆయన. అయినా పక్కన కూర్చుని, సీసా తీసి ఆయన చేతిలో పెట్టి, ఎందుకో మొదటి నుంచీ చెప్పాను.